ముకుతాడూ, పొట్టనోరూ

ఈ బ్లాగులో ఛందస్సు గురించీ, అర్ధానుస్వారం గురించీ, పాఠ్యపుస్తకాలలోని అచ్చుతప్పుల గురించీ చదవడానికి అలవాటుపడిన మీకు ఈనాటి టపా కొంత విడ్డూరంగా తోచవచ్చు. వైద్యం నా విద్య కాదు. ఉభయభాషాప్రవీణ చదివి, పండితశిక్షణ పొంది, ముప్పైనాలుగేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ నేర్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అయినా ఒక్క వైద్యవిషయంలో మాత్రం రెండుసార్లు, రెండు వేర్వేరు దిక్కులలో పొరబడ్డాను. ఆ పొరపాట్ల మూల్యం నేను చెల్లించలేదు. ఒకసారి మా అక్క చెల్లించింది, రెండవసారి మా అమ్మ చెల్లించబోయి తప్పించుకున్నది. అందుచేత వ్రాస్తున్నాను.

నోటితో మ్రింగలేని రోగికి పొట్టమీది చర్మం గుండా సరాసరి జీర్ణాశయంలోనికి సన్నని గొట్టం అమర్చి, దాని ద్వారా ఆహారం ఇస్తారు. అందులో ఒక పద్ధతి ఉన్నది. పెద్ద కోత ఉండదు, నోటిలోంచి కెమెరా గొట్టం దింపరు. ఎక్స్-రే తెరమీదా అల్ట్రాసౌండులోనూ లోపలి అవయవాలను చూసుకుంటూ సూదితో ప్రవేశించి అమరుస్తారు. నా వాదం ముందే చెప్పివేస్తాను. ఇటువంటి మార్గం ఒకటి ఉన్నదని రోగికి మొదటి నెలలోనే చెప్పాలి. చెప్పిన తరువాత కావాలో వద్దో ఆ రోగినే అడగాలి. నేను చూసినంతలో మన ఊళ్ళలో మొదటిది అరుదుగా జరుగుతున్నది, రెండవది అసలు జరగడం లేదు.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి ఆమడ దూరంలోని పల్లె. మా వైపు వెనుకటి తరం ఆడవాళ్ళకు అడ్డపొగ అలవాటు. తెలియనివారి కోసం చెబుతున్నాను: చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకొని పీల్చడాన్ని అడ్డపొగ అంటారు. గాలికి ఆరదు, నాట్లు వేస్తున్నా చేపలు ఎండబెడుతున్నా నుసి మీద రాలదు, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. సౌకర్యం కోసం పుట్టిన అలవాటే, కాని అంగిలిని కాల్చివేస్తుంది. ఆంధ్రప్రదేశ్ పల్లెలలో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిటిలో కలిగే మార్పుల గురించి 1971లోనే ఒక బ్రిటిష్ క్యాన్సరు పత్రికలో వ్యాసం వెలువడింది. ఆ సంగతి మా ఊరికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా మా అక్క మానేదని నేను ప్రమాణం చేయలేను.

2017లో అక్క అంగిటిలో క్యాన్సరు అని తేలింది. అప్పటికి ఆమెకు 67 ఏళ్ళు. విశాఖపట్నంలో శస్త్రచికిత్స చేసి అంగిలిలో కొంతభాగమూ, పైదవడ ఎముకలో కొంతభాగమూ తీసివేశారు. తరువాత రేడియేషన్ ఇచ్చారు. రోగం లొంగింది, తిండి మాత్రం పోయింది. జావ త్రాగితే ముక్కులోంచి వచ్చేది, నీళ్ళు త్రాగితే ఊపిరిత్రోవకు అడ్డుపడి ఉక్కిరిబిక్కిరి అయ్యేది. రేడియేషన్ వల్ల దవడ కండరాలు బిగుసుకొని నోరు ఒక్క వ్రేలు పట్టేటంత మాత్రమే తెరుచుకునేది. ముక్కులోంచి గొట్టం వేసి ఇంటికి పంపారు. ఎంతకాలం అని అడిగితే, "తాత్కాలికమేనండి" అన్నారు. తాత్కాలికం అనే మాటకు కాలపరిమితి ఏమిటని పండితుడినై ఉండి కూడా నేను తిరిగి అడగలేదు.

ఆ గొట్టాన్ని మన ఆసుపత్రులలో రైల్స్ ట్యూబు అంటారు. రైలుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. జాన్ రైల్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1921లో జీర్ణరసాన్ని పరీక్షకోసం బయటికి తీయడానికి వాడుకలోనికి తెచ్చిన సన్నని గొట్టం అది. తీయడానికి పుట్టినది పోయడానికి స్థిరపడింది. మా అక్క దానికి తొలిరోజే తన పేరు తాను పెట్టుకున్నది. "ఒరే తమ్ముడా, ఎద్దుకేసినట్టు నాకీ ముకుతాడేటిరా?" అన్నది. మేమందరం నవ్వాము. ఆమె నవ్వలేదని ఇప్పుడు గుర్తుకు వస్తున్నది.

నాలుగు నెలలు గడిచాయి. ముక్కుపుటం పుండు పడింది. గొట్టం నెలకొకసారి మార్పించవలసి వచ్చేది. నిద్రలో తెలియక లాగివేసుకున్న రాత్రులు మూడు. ఆ మూడుసార్లూ తెల్లవారే వరకు ఖాళీ కడుపుతో కూర్చొని, మొదటి బస్సుకు టౌనుకు వెళ్ళి మళ్ళీ వేయించుకొని వచ్చింది. ముక్కుమీద ప్లాస్టరు, చెంపమీదుగా చెవి వెనుకకు చుట్టిన గొట్టం. ఆ వేషంతో వాకిట్లోకి రావడం మానివేసింది. ఇంట్లో మనుమరాలికి ఓణీల వేడుక జరిగితే వెనుకగదిలో తలుపు దగ్గరగా వేసుకొని కూర్చున్నది. ఊరిలో ఎవరింట ఏ శుభకార్యం జరిగినా ముందు వరుసలో పీట వేసుకొని అజమాయిషీ చేసిన మనిషి.

మధ్యలో చికిత్స చేసిన డాక్టరుగారు ఒకసారి అన్నారు: "ఇది ఇంకా చాలాకాలం కావాలండి, పొట్టకు గొట్టం వేయిద్దాం." మా మేనల్లుడు నావైపు చూశాడు. ఇంట్లో చదువుకున్న పెద్దను నేనే మరి. "పొట్టకు చిల్లు పెట్టించడమా? ఉన్న బాధ చాలదా? దేవుడిచ్చిన ముక్కులోంచి పోతూనే ఉన్నది కదా" అన్నాను. అక్క ప్రక్కనే ఉన్నది. మాట ముక్కుతో వచ్చినా స్పష్టంగానే మాట్లాడుతున్నది. ఆమెను అడగాలని నాకూ తోచలేదు, మేనల్లుడికీ తోచలేదు, డాక్టరుగారికీ తోచలేదు.

బరువు 48 కిలోలనుంచి 39కి దిగేసరికి భయపడి, ఆ గొట్టమే వేయిద్దామని ఇంకొక ఆసుపత్రికి తీసుకొనివెళ్ళాము. అక్కడివారు నోటిలోంచి ఎండోస్కోపీ దింపి వేస్తామన్నారు. తీరా నోరు చూసి, ఇందులోంచి పరికరం పట్టదు, పొట్ట కోసి వేయాలన్నారు. మత్తు ఇచ్చే డాక్టరు వచ్చి చూసి, నోరు తెరుచుకోనివారికి శ్వాసగొట్టం వేయడం కష్టం, ప్రమాదం ఉన్నదని చెప్పారు. చెప్పినది నిజమే. మూడవ దారి ఒకటి ఉన్నదని మాత్రం ఎవరూ చెప్పలేదు. అదే ఊరిలో మరొక ఆసుపత్రిలో అది జరుగుతూనే ఉన్నదని మాకు అప్పటికి తెలియదు. ఇంటికి తిరిగివస్తూ కారులో నేను లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. పొట్టకు చిల్లు తప్పిందని. ఆ సంగతి వ్రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

దారి చూపినవాడు నా దగ్గర ఎనిమిదవ తరగతి చదివిన కుర్రవాడు. విశాఖలో ఒక ఆసుపత్రి ఎక్స్-రే విభాగంలో పని చేస్తున్నాడు. సంక్రాంతికి ఊరు వచ్చి, నన్ను చూడవచ్చి, అక్క సంగతి విన్నాడు. "నోటితో పని లేదండి మాస్టారూ. ముక్కులో గొట్టం ఎలాగూ ఉంది కదా, అందులోంచే గాలి ఊదుతారు. మిగతాదంతా పొట్టమీదనుంచే" అన్నాడు. సంధికార్యంలో సవర్ణదీర్ఘానికీ గుణానికీ తేడా పట్టుకోలేక నాచేత మొట్టికాయలు తిన్న పిల్లవాడు. ఆ రోజు నేను వ్రేలు పెట్టి చూపించలేని తేడా వాడు చూపించాడు.

వాడు కాగితంమీద బొమ్మ గీసి చెప్పినదీ, తరువాత డాక్టరుగారు వివరించినదీ కలిపి నా మాటలలో చెబుతాను. ముందురోజు రాత్రి ముక్కుగొట్టంలోంచి కొంచెం బేరియం ద్రవం ఇస్తారు. తెల్లవారేసరికి అది పెద్దప్రేగుకు చేరి, ఆ ప్రేగు ఎక్కడ ఉన్నదో ఎక్స్-రే తెరమీద చూపిస్తుంది. అల్ట్రాసౌండుతో కాలేయపు అంచును చూసి చర్మంమీద కలంతో గీత గీస్తారు. సూది పోకూడని చోట్లు ఆ రెండే ముఖ్యం: కాలేయం, పెద్దప్రేగు. తరువాత ముక్కుగొట్టంలోంచి గాలి ఊదుతారు. ముడుచుకొని వెనుకగా ఉన్న జీర్ణాశయం బూరలాగా ఉబ్బి, ముందుకు వచ్చి పొట్టగోడకు ఆనుకుంటుంది. పెద్దప్రేగు క్రిందికి జరుగుతుంది. ఎడమప్రక్క ప్రక్కటెముకల క్రింద చర్మానికి తిమ్మిరి మందు ఇస్తారు. మనిషి మెలకువగానే ఉంటుంది.

ఇక్కడినుంచి పని దర్జీ పనిని పోలి ఉంటుంది. సన్నని సూదిలోంచి దారం కట్టిన చిన్న లోహపు పుల్లను జీర్ణాశయంలోకి వదులుతారు. బొత్తాన్ని కన్నంలోంచి దూర్చి అడ్డంగా త్రిప్పినట్లు, దారం లాగగానే ఆ పుల్ల అడ్డం తిరిగి లోపలిగోడను పట్టుకుంటుంది. అటువంటివి రెండు మొదలు నాలుగు వరకు వేసి, జీర్ణాశయాన్ని పొట్టగోడకు టాకా వేసినట్లు నిలుపుతారు. ఆ టాకాల మధ్యనుంచి అసలు సూది దిగుతుంది. చిటికెడు రంగుమందు వదిలి, సూదిమొన జీర్ణాశయంలోనే ఉన్నదని తెరమీద నిర్ధారించుకుంటారు. సూదిలోంచి మెత్తని తీగ పంపి, సూది తీసివేసి, తీగమీదుగా క్రమక్రమంగా లావు గొట్టాలతో దారిని వెడల్పు చేస్తారు. సూది, తీగ, గొట్టం అనే ఈ వరుస స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ 1953లో రక్తనాళాల కోసం చెప్పినది. చివరకు ఆహారపు గొట్టం తీగమీదుగా జారుతుంది. దాని కొసన చిన్న బుడగ ఉంటుంది. అందులో కొద్ది మిల్లీలీటర్ల శుద్ధజలం నింపితే బయటికి ఊడి రాదు. బయట ఒక చక్రం వంటి బిళ్ళ దానిని లోపలికి జారనివ్వదు.

గొట్టం లావును ఫ్రెంచి అంకెలలో చెబుతారు. మూడు ఫ్రెంచులు ఒక మిల్లీమీటరు. మా అక్కకు వేసినది 14, అనగా ఐదు మిల్లీమీటర్లకు లోపు. నేను 'చిల్లు' అని భయపడినది ఆమె ముక్కుకు ఏడేళ్ళ వయస్సులో కుట్టించిన రంధ్రంకంటె కొంచెం పెద్దది, అంతే. వరండాలో బల్లమీద ముప్పావుగంట కూర్చున్నాను. బయటికి తీసుకొనివచ్చేటప్పుడు మెలకువగా ఉన్నది. పొట్టమీద చేయి వేసుకొని చూసుకున్నది. రెండవనాడు క్రొత్తదారి పనిచేస్తున్నదని రూఢి చేసుకొని ముకుతాడు తీసివేశారు. అద్దం అడిగింది.

పేరు సంగతి కొంచెం చెప్పనివ్వండి, అది నా జాడ్యం. వైద్యులు దీనిని గాస్ట్రోస్టమీ అంటారు. గ్రీకులో 'గాస్టర్' పొట్ట, 'స్టోమా' నోరు. ఎండోస్కోపీతో చేస్తే సంక్షిప్తంగా 'పెగ్', ఎక్స్-రే సాయంతో చేస్తే 'రిగ్'. మన పల్లెలలో ఒకదానికి సారాదుకాణం గుర్తుకు వస్తుంది, రెండవదానికి బోరుబావి. "మీ అమ్మగారికి పెగ్ వేద్దాం" అన్నప్పుడు వినేవాడి ముఖం ఎట్లా ఉంటుందో ఊహించండి. నేను పూనుకొని 'చిత్రదర్శిత త్వగ్ద్వార జఠరముఖం' అని ఒక సమాసం కట్టి అక్కకు వినిపించాను. ఆమె కాసేపు నావైపు చూసి, "పొట్టనోరని సెప్పరాదేటి?" అన్నది. గ్రీకు తెలియని మా అక్క గ్రీకుమాటకు మక్కికిమక్కి తెలుగు చెప్పింది. ఈ టపాలో ఆ మాటే వాడుతున్నాను. నిఘంటువు మిత్రులు ఎవరైనా చేర్చుకుంటే సంతోషం.

పొట్టనోటి చరిత్ర నేను తరువాత వెదికి చదువుకున్నాను. 1822లో అమెరికాలో మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి పొట్టలో తుపాకి పేలి, గాయం మానినా రంధ్రం పూడలేదు. విలియం బ్యూమాంట్ అనే సైనికవైద్యుడు ఆ రంధ్రంలోంచి దారానికి కట్టిన మాంసపు ముక్కలూ రొట్టెముక్కలూ లోపలికి దించి, ఎంతసేపటికి జీర్ణమవుతున్నాయో చూసి 1833లో పుస్తకం వ్రాశాడు. జీర్ణక్రియ శాస్త్రానికి అది పునాది. సెయింట్ మార్టిన్ 1880 వరకు బ్రతికాడు. చనిపోయినప్పుడు అతని కుటుంబం, వైద్యులు మళ్ళీ కోసి చూడకుండా శవాన్ని కుళ్ళనిచ్చి మరీ పాతిపెట్టింది. అతని సమ్మతి ఎంతవరకు అడిగారో, అడిగిన తీరు ఏమిటో చదివినప్పుడు నాకు మా ఇల్లే గుర్తుకు వచ్చింది.

పొట్టనోరు కావాలని పెట్టిన తొలివాడు స్ట్రాస్‌బర్గులో సెడియ్యో, 1849లో. రోగి దక్కలేదు. తరువాతి తరంలో దక్కసాగారు. అయినా వందేళ్ళు అది మత్తు ఇచ్చి కోసే పెద్ద శస్త్రచికిత్సగానే ఉన్నది. 1979లో క్లీవ్‌లాండులో గాడరర్, పాన్‌స్కీ అనే ఇద్దరు వైద్యులు ఒక పసిపాపకు ఎండోస్కోపీ సాయంతో కోత లేకుండా పెట్టారు. రెండేళ్ళకు, 1981లో, కెనడాలో ప్రెషా అనే వైద్యుడు ఎక్స్-రే తెర సాయంతో చర్మంగుండా పెట్టే పద్ధతిని ప్రకటించాడు. అనగా మా అక్కకు ఎవరూ చెప్పని దారికి అప్పటికే ముప్పైయ్యారేళ్ళ వయస్సు.

ఏది గొప్ప అన్న పోటీ ఇక్కడ లేదు. నోరు తెరుచుకొని, ఊపిరి బాగా ఉన్నవారికి ఎండోస్కోపీతోనే సులువు. దానిలో గొట్టం కొంచెం లావుగా ఉంటుంది, బుడగ గొట్టాలంత తరచుగా మార్చనక్కరలేదు. ఎక్స్-రే పద్ధతి అవసరం తెలిసేది నోరు మూసుకుపోయినవారి దగ్గర, గొంతులోనో అన్ననాళంలోనో కంతి అడ్డుపడినవారి దగ్గర. నోటిలో క్యాన్సరు ఉన్నప్పుడు గొట్టాన్ని ఆ కంతిమీదుగా లాగుకొనివస్తే, అరుదుగానైనా ఆ కణాలు పొట్టగోడకు అంటుకున్న సంఘటనలు ఉన్నాయి. సూదిదారిలో ఆ బెడద తప్పుతుంది. కండరాలను తినివేసే నాడీరోగం, ఎ.ఎల్.ఎస్., వచ్చినవారికి ఊపిరి బలహీనంగా ఉంటుంది, మత్తు తట్టుకోలేరు. వారికీ ఇది కుదురుతుంది. బ్రిటనులో 24 కేంద్రాలలో అటువంటి రోగులను పరిశీలించి 2015లో ప్రకటించిన అధ్యయనంలో పద్ధతుల మధ్య మరణాలలో పెద్ద తేడా కనబడలేదు. తేడా కనబడినది మరొకచోట: బాగా చిక్కిపోయిన తరువాత పెట్టించుకున్నవారికి ఫలితం తక్కువ. పద్ధతికంటె వేళ ముఖ్యమన్నమాట. మేము పోగొట్టుకున్న తొమ్మిది కిలోలు నాకు ఆ వాక్యం దగ్గర కనిపించాయి.

అట్లాగని ముక్కుగొట్టాన్ని దూషించడం నా ఉద్దేశం కాదు. పక్షవాతం వచ్చిన మొదటి రెండు మూడు వారాలలో తొందరపడి పొట్టకు పెట్టడంకంటె ముక్కుగొట్టమే మేలని 2005లో ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. చాలామందికి ఆలోపు మ్రింగడం తిరిగి వస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలు దాటి అవసరం ఉంటుందని తోస్తే అప్పుడు పొట్టనోరు ఆలోచించాలని వైద్యనియమాలు చెబుతాయి. మన దగ్గర ఆ ఆరువారాల గడియారం ఎవరూ చూడరు. ఆసుపత్రి ఇంటికి పంపివేస్తుంది, ఇల్లు అలవాటుపడుతుంది. వీధికి ఒకరు ముకుతాడుతో నెలలు గడుపుతున్నవారు ఇప్పుడు నా కంటికి కనిపిస్తున్నారు. ఇదివరకు కనిపించేవారు కారు.

చిక్కులు లేవని చెబితే అబద్ధమవుతుంది. సూది తప్పితే ప్రేగుకు గాయం, రక్తస్రావం, పొట్టలోకి కారి చీముపట్టడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. కడుపులో నీరు చేరినవారికీ, రక్తం సరిగా గడ్డకట్టనివారికీ, జీర్ణాశయం పూర్వమే కోసి తీసినవారికీ కుదరకపోవచ్చు. మా అక్కకు గొట్టం చుట్టూ ఎర్రని కండ పెరిగి తడిసేది. ఒకసారి రాగిజావ చిక్కగా పోసి గొట్టం పూడిపోయింది. మేనకోడలు గోరువెచ్చని నీళ్ళు పిచికారితో మెల్లగా ఆడించి తెరిపించింది. అప్పటినుంచి ఏది పోసినా పలుచని గుడ్డలో వడగట్టి, ముందూ వెనుకా నీళ్ళు పోయడం నియమమైంది. ఒకసారి బుడగ పగిలి గొట్టం ఊడి చేతికి వచ్చింది. ఊడితే గంటలలోనే ఆ దారి పూడుకోసాగుతుంది, కాబట్టి వెంటనే పరుగెత్తాలి. దారి గట్టిపడని మొదటి వారాలలోనైతే ఇంట్లో ఎవరూ దానిని తిరిగి దూర్చే సాహసం చేయరాదు. ఇవన్నీ ముందే వివరించి చెప్పినవారు ఒక నర్సమ్మ. ఆవిడ లేకపోతే గొట్టం ఉండీ ప్రయోజనం లేకపోయేది.

పొట్టనోరు పెట్టిన మూడవవారంలో అక్క వాకిట్లోకి వచ్చింది. గొట్టం చీర కుచ్చెళ్ళ మాటున ఉండేది. పెళ్ళిళ్ళకు వెళ్ళింది, పందిట్లో ముందు వరుసలోనే కూర్చున్నది. వేళకు లేచి లోపలిగదిలోకి వెళ్ళి, కూర్చొని, తానే పిచికారితో పాలూ జావా పోసుకొని, అరగంట వాలకుండా ఉండి వచ్చేది. రోజుకొకసారి చింతకాయపచ్చడి నాలుకమీద వ్రాసుకొని చప్పరించి ఉమ్మివేసేది. డాక్టరుగారు చూసీచూడనట్లు ఊరుకున్నారు. రెండు సంవత్సరాలు పైగా ఆ విధంగా బ్రతికి, 2020లో గుండెజబ్బుతో పోయింది. పోవడానికి ముందు ఒకసారి నన్ను అడిగింది: "ఆ డాట్రుబాబు ముందే అన్నాడంట గదా తమ్ముడా, పొట్టకెట్టిద్దామని. మరి నాకెందుకు సెప్పనేదు?" నేను ఏమీ అనలేకపోయాను.

ఇక రెండవ పొరపాటు. 2021లో అమ్మకు 88 ఏళ్ళు. మతిమరుపు ముదిరి, మనుషులను గుర్తుపట్టడం పోయి, చివరకు నోటిలో పెట్టిన ముద్దను మ్రింగాలన్న సంగతి కూడా మరచిపోయే దశ. అప్పటికి నేను పొట్టనోటి ప్రచారకుణ్ణి. అక్క అనుభవం కళ్ళముందు ఉన్నది. ఆలస్యం చేయకూడదు, వెంటనే పెట్టించాలని పట్టుబట్టాను. తమ్ముడు సందేహిస్తే వాడిని నేను కసిరాను. నాలుగేళ్ళనాడు నేను పలికిన మాటలే వాడు పలికాడు మరి.

ఈసారి చూసిన వైద్యురాలు తొందరపడలేదు. ఈ జబ్బు ముదిరిన దశలో గొట్టం వల్ల ఆయుర్దాయం పెరుగుతుందనడానికి ఆధారం లేదనీ, ఊపిరితిత్తులలోకి పోవడం ఆగదనీ, పుళ్ళు తగ్గవనీ, పైగా గొట్టం లాగివేసుకోకుండా చేతులు కట్టవలసి రావచ్చుననీ చెప్పారు. అమెరికా వృద్ధవైద్యుల సంఘం 2014లోనే ఇటువంటివారికి గొట్టం వద్దు, ఓపికగా చేతితో తినిపించండి అని ప్రకటించిందన్నారు. "మరి ఆకలికి మాడ్చమంటారా?" అని నేను గొంతు పెంచాను. ఆవిడ, "ఆవిడకు ఆకలి వేస్తున్నదా, మీకు బెంగగా ఉన్నదా?" అని అడిగారు. కటువుగా అడగలేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగారు. ఇంటికి వచ్చి మూడురోజులు అమ్మ ప్రక్కనే కూర్చొని చూశాను. ముద్ద వద్దనుకున్నప్పుడు పెదవులు బిగించేది. కావాలనుకున్నప్పుడు, అరుదుగా, నోరు తెరిచేది. అప్పుడు రెండు చెంచాల మీగడపెరుగు. ఒక్కొక్క చెంచాకు పది నిమిషాలు. గొట్టంతో అయితే రెండు నిమిషాలలో ముగిసే పని. ఆ పది నిమిషాలు మా మరదలు విసుగు లేకుండా ఇచ్చింది. నాకు అంత ఓపిక లేదని కూడా అప్పుడే తెలిసింది. అమ్మ రెండు నెలలు ఉన్నది. చేతులు కట్టకుండా.

మన భాషలో అన్నం పెట్టడం ప్రేమకు పర్యాయపదం. "తిన్నావా?" అన్నది మన కుశలప్రశ్న. అందుకే గొట్టం విషయంలో మనం తర్కించలేము. పొట్టనోరు పెడితే అన్నానికి అపచారం అనిపిస్తుంది, పెట్టకపోతే అన్నం మాన్పించామన్న పాపభీతి పట్టుకుంటుంది. మొదటిది నన్ను అక్క విషయంలో ఆపింది, రెండవది అమ్మ విషయంలో తోసింది. రెండుచోట్లా నేను చూసుకున్నది నా మనశ్శాంతిని. అక్కను అడిగే వీలు ఉండి అడగలేదు. అమ్మను అడిగే వీలు ఐదారేళ్ళు ముందే ఉండేది, అప్పుడు అటువంటి ప్రశ్న అడగడం అశుభమనుకున్నాను.

అందుచేత నన్ను ఎవరూ అడగక్కరలేకుండా నా కాగితం నేను వ్రాసుకున్నాను. 2018లో మన సుప్రీంకోర్టు ముందస్తు వైద్యనిర్దేశాన్ని అంగీకరించింది. మొదట మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవలసి ఉండేది; 2023లో దానిని సడలించి, ఇద్దరు సాక్షులతో నోటరీ ముందుగానీ గెజిటెడ్ అధికారి ముందుగానీ సంతకం చేస్తే చాలునన్నది. గెజిటెడ్ అధికారి అనగానే నాకు ఊరి ఉన్నతపాఠశాల ప్రధానోపాధ్యాయుడు గుర్తుకు వచ్చాడు. ఒకప్పుడు నాతో కలిసి పనిచేసినవాడు, ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు. కాగితం పట్టుకొని వెళ్ళాను.

అతడు కళ్ళద్దాలు సవరించుకొని మొదటి పుట చదివాడు. మతి పూర్తిగా పోయిన దశలో గొట్టం వద్దు, చేతితో తిన్నంత తినిపించండి అన్నంతవరకు తల ఊపాడు. రెండవ పుట దగ్గర ఆగాడు. "పండితుడుగారూ, ఏది వద్దో వ్రాసేది కదండీ ఇది. ఏది కావాలో కూడా వ్రాశారేమిటి?" అన్నాడు. మతి ఉండి మ్రింగలేని జబ్బు నాకు వస్తే, ముక్కుగొట్టాన్ని ఆరువారాలు దాటనివ్వక, ఎండోస్కోపీ కుదరకపోతే ఎక్స్-రే దారి ఎక్కడ ఉన్నదో కనుక్కొని పొట్టనోరు పెట్టించవలసిందని వ్రాశాను. చట్టం ఆ పుటను లెక్కలోనికి తీసుకుంటుందో లేదో, మా అబ్బాయి తీసుకుంటే చాలు. అతడు నవ్వి, రెండు పుటలమీదా ముద్ర వేశాడు. ముద్రలో సిరా తక్కువై రెండవదానిమీద సరిగా పడలేదు, మళ్ళీ వేయించుకున్నాను.